కాటా ఎక్కని పిల్లలు

కాదండీ, నేను ఒప్పుకోను. బడికి సెలవులిచ్చారు కాబట్టి బడి పొయ్యికీ సెలవులే అన్న మాట నేను ఉద్యోగంలో చేరిన కొత్తలోనే విన్నాను. ఇప్పుడూ అదే వింటున్నాను. ఈమధ్య ఒక శిక్షణ తరగతికి పిలిచి, ముసలావిడని కదా అని ముందు వరసలో కూర్చోబెట్టారు. కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక కుర్రాడు లేచి, "వేసవిలో పెట్టినా పిల్లలు రారు మేడమ్. వండింది పారబోసుకోవాలి. రానివాళ్ళ కోసం వండటం దేనికి?" అన్నాడు. హాల్లో సగంమంది తలలూపారు. టీ ఇచ్చేదాకా ఓపిక పట్టి, కప్పు చేతిలో పెట్టుకుని అతనితో మొదలుపెట్టిన గొడవ ఇంకా తెగలేదు. పాపం, మర్యాదకి ఫోన్ నంబరు ఇచ్చాడు. నేను వదిలితేగా. పొద్దున ఒక మెసేజి, రాత్రి ఒక మెసేజి పంపిస్తూనే ఉన్నాను. చివరికి, "ఒకచోట రాసి పెట్టండి మేడమ్, అందరం చదువుకుంటాం" అన్నాడు. నన్ను వదిలించుకోవడానికే అన్నాడని తెలుసు. అయినా రాస్తున్నాను.

పిల్లలు రాలేదంటే వాళ్ళకి ఆకలి లేదని అర్థం కాదు. మీరు పిలిచిన వేళ తప్పయి ఉండాలి. లేదంటే మీరు పెట్టింది వాళ్ళ నోటికి పట్టలేదు. లేదంటే మీరు చేసిన పని చూసి వాళ్ళ ఇంట్లోవాళ్ళు జడుసుకున్నారు. ఈ మూడూ నాకు ఒకే వేసవిలో జరిగాయి.

ఫోనమ్మ

నేను పుట్టి పెరిగింది మద్రాసులో. మా నాన్నగారు పత్రికల వాళ్ళకి కాగితం సరఫరా చేసే కంపెనీలో పనిచేసేవారు. ఇంట్లో ఫోన్ ఉండేది. అది మోగితే పరిగెత్తి ఎత్తేది నేనే. హోమ్‌సైన్స్ చదివి, అరవైల చివర్లో బడిపిల్లల మధ్యాహ్న భోజనాల పర్యవేక్షణకని తెనాలి ఆఫీసులో చేరాను. తెనాలి, బాపట్ల, రేపల్లె తాలూకాల్లో పొయ్యి ఉన్న బళ్ళన్నీ నావే. ఆఫీసు మొత్తానికి ఒక్క నల్ల ఫోను. చేరిన వారానికే అది నా బల్ల మీదికి వచ్చేసింది. బాపట్ల గోడౌనుకి, గుంటూరుకి, రేపల్లె స్టేషనుకి ఎక్కడికో ఒకచోటికి నేను మాట్లాడుతూనే ఉండేదాన్ని. లైను కలవకపోతే ఆపరేటరు మీద అరిచేదాన్ని. బంట్రోతు నాకు 'ఫోనమ్మగారు' అని పేరు పెట్టాడు. నా ఎదురుగానే అనేవాడు, నేను వినిపించుకునేదాన్ని కాదు.

కోపం నాకు అప్పుడూ ఎక్కువే. పట్నంలో పెరిగినదాన్ని, చదువుకున్నదాన్ని, నాకు తెలియనిది ఉంటుందా అనుకునే వయసు. ఉద్యోగంలో చేరేవాళ్ళకి ఆ పొగరు ఉంటే ఉండనివ్వండి, తప్పు లేదు. పొగరు లేనివాళ్ళు పై అధికారి ఎదుట నోరు తెరవరు. కాకపోతే అది జనం దగ్గర పనికిరాదు.

ఈ ఉద్యోగం అంటే మాంసకృత్తులు, కేలరీలు అనుకుని వస్తారు. నేనూ అలాగే వచ్చాను. తీరా చూస్తే, కట్టెలు తడిశాయా, నీళ్ళు ఎక్కణ్ణుంచి మోసుకొస్తున్నారు, బస్తాలో పురుగు పడిందా, వండే ఆవిడ ఇంట్లో గొడవేమైనా ఉందా, ఇదే ఉద్యోగం. పిల్లలకి పాలపొడి ఇమ్మన్నారు. ఓడల్లో వచ్చిన పొడి అది. వేణ్ణీళ్ళలో కలిపితే ఉండలు కట్టేది, వాసన వేసేది. బాపట్ల వైపు ఒక బళ్ళో వెళ్ళేసరికి పిల్లలు చెడుగుడు ఆడుతున్నారు. గీతలు తెల్లగా, ముగ్గు పోసినట్టున్నాయి. "సున్నం ఎక్కడిది మాస్టారూ?" అన్నాను. ఆయన తొణకలేదు. "పాలేనమ్మా. తాగమంటే తాగట్లేదు, ఆడుకోమంటే ఆడుకుంటున్నారు" అన్నాడు. నేను అగ్గి మీద గుగ్గిలమయ్యాను. కానీ ఆ పాలు రుచి చూశాక నాకే గుటక దిగలేదు. పిల్లలు తినని తిండికి లెక్కల్లో ఎంత బలముంటే ఏం లాభం?

పెద్దాయన షరతు

కృష్ణా డెల్టాలో పంటల కాలం వేరు, ఎండల కాలం వేరు. వేసవిలో కాలువలు కట్టేస్తారు. మాగాణిలో పని ఉండదు. కూలిజనం మిరపకాయల కోతలకని మెట్ట ఊళ్ళకి పోతారు. సముద్రం ఒడ్డున పాలేల్లో వేట పల్చబడుతుంది. ఆడవాళ్ళు ఎండు చేపల తట్టలు నెత్తిన పెట్టుకుని అమృతలూరు వైపు రైతుల ఊళ్ళకి పోయి, చేపలిచ్చి వడ్లు తెచ్చుకుంటారు. పొద్దున తరవాణి, అదే పులిసిన గంజి, తాగి పోయినవాళ్ళు మళ్ళీ దీపాల వేళకి రావడం. ఇంట్లో పిల్లలకి ఆ కుండలో మిగిలిందే. సరిగ్గా ఆ రోజుల్లోనే మేము బడికి తాళం వేసి, పొయ్యి ఆర్పేసి, పిల్లల ఉప్మాకని వచ్చి మిగిలిన గోధుమ నూకని బాపట్ల గోడౌనుకి తిప్పి పంపేవాళ్ళం. అక్కడ అది పురుగులకి విందు.

నా పై అధికారిని పెద్దాయన అంటాను. మనిషి చెడ్డవాడు కాదు. పంచె కట్టుకుని, పైన కోటు వేసుకుని వచ్చేవాడు. పనికి ముందు నియమాలు, పని అయ్యాక నియమాలు. వేసవిలో కూడా పొయ్యి వెలిగిద్దామని అడిగితే కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"బడే లేనప్పుడు బడి భోజనమేంటమ్మా?"

"ఆకలి ఉంది కదండీ."

"ఆకలి సంవత్సరం పొడుగునా ఉంటుంది. మన పని బడి ఉన్నన్నాళ్ళు."

"పురుగులకి వేసే బదులు పిల్లలకి వేద్దామంటున్నాను సార్."

"అరవకమ్మా. నేను పక్కనే ఉన్నాను, ట్రంకు కాల్‌లో లేను."

రోజూ అడిగాను. భోజనానికి లేస్తుంటే అడిగాను, రిక్షా ఎక్కుతుంటే అడిగాను. విసిగిపోయి ఒక మాట అన్నాడు. "ఒక్క ఊరు తీసుకో. బడి తెరిచేదాకా పెట్టు. పిల్లలు ఒళ్ళు చేసినట్టు నాకు రుజువు చూపించు. మాటలు కాదు, కొలత. చూపిస్తే వచ్చే వేసవికి మూడు తాలూకాల్లోనూ పెట్టిద్దాం, పైవాళ్ళతో నేను మాట్లాడతాను. చూపించలేకపోతే నేనున్నంతకాలం ఈ మాట ఎత్తకూడదు. సరేనా?"

సరేనన్నాను. ఎగిరి గంతేసినంత పని చేశాను. ఆ ఒక్క ఊరి మీద మిగతా ఊళ్ళ పిల్లలందరి తిండీ ఆధారపడి ఉందన్న సంగతి ఆ రాత్రికి గానీ తలకెక్కలేదు.

కాకులకి సెలవుల్లేవు

రేపల్లె నుంచి నిజాంపట్నం పోయే దారికి పక్కగా ఒక పాలెం ఎంచుకున్నాను. పేరు రాయను. తాటాకు ఇళ్ళు, తాటాకు బడి, ఒక మంచినీళ్ళ బావి. బడి రోజుల్లో అక్కడ వండే నాంచారమ్మనే వంటకి మాట్లాడుకున్నాను. ముప్ఫై దాటిన మనిషి, భర్త పడవ మీదికి పోతాడు, నోరు మహా దురుసు. మా ఇద్దరికీ అందుకే కుదిరింది.

మొదటిరోజు పన్నెండింటికి ఉప్మా దించాం. సరుగుడు కట్టెల పొగకి నా కళ్ళు ఎర్రబడ్డాయి. బడి గంట కొట్టాం. ఎవరూ రాలేదు. మళ్ళీ కొట్టాం. చంకలో తమ్ముణ్ణి వేసుకుని ఒక పిల్ల వచ్చి, గుమ్మంలో నిలబడి చూసి, వెనక్కి పోయింది. మర్నాడూ అంతే. మూడోరోజు నా కోపం నాంచారమ్మ మీదికి మళ్ళింది. "చాటించమన్నాను కదా, చెప్పావా లేదా?"

"చెప్పా."

"మరి పిల్లలేరి?"

"దిబ్బ మీదున్నారు. కాకులకి గూడా సెలవులిచ్చి రండి అమ్మాయిగారూ, అప్పుడొస్తారు."

చెయ్యి పట్టుకుని ఇసక దిబ్బల మీదికి తీసుకుపోయింది. ఎండలో బారెడు బారెడు చాపల మీద చేపలు ఆరబోసి ఉన్నాయి. ప్రతి చాప దగ్గరా ఒక పిల్లో పిల్లాడో కర్ర పట్టుకుని కూర్చున్నారు. నెత్తిన తడిగుడ్డ. పైన కాకులు, గద్దలు. ఒక పిల్ల లేచి అన్నానికి పోయిందంటే ఆ చాప ఖాళీ. వాళ్ళమ్మ మర్నాడు తట్టలో పెట్టుకుపోవడానికి ఏమీ మిగలదు. ఎండ ఎంత మండితే చేప అంత బాగా ఎండుతుంది, పిల్ల అంత కదలకూడదు. మేం గంట కొట్టింది సరిగ్గా ఆ వేళకి.

"ముందే చెప్పొచ్చు కదా?" అన్నాను.

"మీరు అడిగారా? గంట కొట్టమన్నారు, కొట్టా."

పొద్దు వాలి చాపలెత్తేసే వేళకి వంట మార్చాం. ఆ సాయంత్రం బడి నిండిపోయింది. కానీ రెండు ముద్దలు తిని వదిలేశారు. ఉప్పు చేప, పులుసు తినే నాలుకకి గోధుమ ఉప్మా గడ్డి తిన్నట్టుంది. నాంచారమ్మ నన్ను అడక్కుండానే మర్నాడు చింతపండు పిసికి, ఎండు రొయ్యలు వేయించి, నూకని గంజిలా జారుగా ఉడికించింది. చేపలంటే గిట్టని ఇంట్లో పుట్టినదాన్ని, ఆ వాసనకి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను. పిల్లలు ఆకులు నాకారు. వారం తిరిగాక రేపల్లె పోస్టాఫీసు నుంచి పెద్దాయనకి ఫోన్ చేశాను.

"ఏం పెడుతున్నారమ్మా?"

"ఉప్మా సార్."

"తింటున్నారా?"

"లాగిస్తున్నారు సార్."

కొక్కెం

ఇక కొలత. పిల్లల్ని తూచే కాటా కావాలి. బాపట్ల గోడౌనులో ఒకటి ఉందన్నారు. ఫోన్ చేస్తే రేపు పంపిస్తామన్నారు. ఆ రేపు రానేలేదు. పోస్టుమాస్టరు నన్ను చూస్తేనే మొహం చిట్లించే దాకా చేశాను. రోజులు గడిచే కొద్దీ నాకు భయం పట్టుకుంది. ఇప్పుడు తూయకపోతే తర్వాత పెరిగిందని దేనితో పోల్చి చూపించను? నిజాంపట్నంలో చేపల వేలంపాట దగ్గర కొక్కెం కాటా కనిపించింది. ముల్లు తిరిగే కాటా, పైన కొక్కేనికి తగిలిస్తారు, కింద తట్ట వేలాడదీస్తారు. వ్యాపారిని బతిమాలి ఒక పూటకి తెచ్చాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

బడి దూలానికి కట్టి, కింద గోనెసంచితో ఉయ్యాల కట్టాం. మొదటి పిల్ల సీతాలు. నాలుగేళ్ళుంటాయి. తల్లి తట్ట ఎత్తుకుని ఊళ్ళ మీదికి పోయింది, నాయనమ్మ పోలమ్మ తీసుకొచ్చింది. పిల్లని ఎత్తి సంచిలో కూర్చోబెట్టబోతే పోలమ్మ కాటా వంక చూసింది. నన్ను తోసేసి పిల్లని లాక్కుంది.

"ఇది చేపల కాటా కాదా?"

"కాటా ఏదైతే ఏం పోలమ్మా? బరువు చూడ్డానికే."

"దీన్నెక్కిన చేప మళ్ళీ నీళ్ళలోకి పోవడం ఎప్పుడన్నా చూశావా నువ్వు? నా మనవరాలిని దీనికి తగిలిస్తావా?"

"అది చచ్చిన చేప. ఇది బతికున్న పిల్ల."

అనకూడని మాట. సంధ్యవేళ, పిల్లని పక్కన పెట్టుకుని, చావు మాట. ఆడవాళ్ళు ఎవరి పిల్లల్ని వాళ్ళు లాక్కుని పోయారు. నేను ఊరుకోవచ్చు కదా. వెనకాల నుంచి అరిచాను, "తిండి కావాలా, మూఢనమ్మకం కావాలా? తేల్చుకోండి" అని. తేల్చుకున్నారు. మర్నాటి నుంచి ఒక్కరూ రాలేదు. నాంచారమ్మ వండిన గంజి కుక్కలు తిన్నాయి. ఆ తర్వాత వండటం మానేసింది. ఆ వారమంతా పొయ్యిలో బూడిదే.

నాకు ముందు వాళ్ళ మీద మండింది. తర్వాత, ఇక అయిపోయిందనిపించింది. పెద్దాయన మాట మాటే. ఈ పాలెం పోతే మిగతావీ పోయినట్టే. మిగిలిన బస్తాలు రేపల్లె చేర్చడానికి బండి మాట్లాడుకున్నాను.

తాయెత్తు తాడు

బండి ఆలస్యమైంది. నాంచారమ్మ ఇంటి అరుగు మీద కూర్చున్నాను. ఎదురిల్లే పోలమ్మది. సీతాలు వాకిట్లో గవ్వలతో ఆడుకుంటోంది. నాంచారమ్మ చేట చెరుగుతూ, నాకు వినపడాలనో ఏమో, గట్టిగా అంది.

"కాటా ఎక్కితే పిల్ల పోద్దన్నావు గదా అత్తా. ఎక్కకుండానే తాయెత్తు మోచేతికాడికొచ్చింది, చూసుకున్నావా?"

"వస్తే ముడేసుకుంటా. నీకెందుకే?"

"ఇంకెన్ని ముళ్ళేస్తావు? ఆ తాడు మీద తాడు మిగల్లా, అన్నీ ముళ్ళే."

"నీ పిల్లల తాళ్ళు బిగుసుకుపోతున్నాయిలే, వంటపొయ్యి కాడ కూసున్నదానివి."

నేను లేచి వాకిట్లోకి పోయాను. సీతాలు కుడి జబ్బకి నల్లతాడుతో తాయెత్తు కట్టి ఉంది. ఆ పాలెంలో పాలు మాన్పించిన ప్రతి పిల్లకీ కడతారు. తాడు నిజంగానే మోచేతి దగ్గరుంది. దాని మీద వరసగా ముళ్ళు. పిల్ల చిక్కినప్పుడల్లా తాడు జారుతుంది, జారినప్పుడల్లా ఒక ముడి. ఒళ్ళు చేస్తే తాడు కండలో దిగుతుంది, అప్పుడు ముడి విప్పుతారు. ఎదురుపడ్డ ఆడవాళ్ళు ముందు పిల్ల మొహం చూడరు, జబ్బ చూస్తారు. ముళ్ళున్న పిల్ల తల్లిని ఎవరూ ఏమీ అనరు, కానీ ఆ తల్లి కొంగు తీసి పిల్ల జబ్బ మీద కప్పుతుంది.

కాలేజీలో మాకు ఒక పాఠం చెప్పారు. పొట్ట చూసి మోసపోకండి, నులిపురుగులుంటే బక్క పిల్లకీ పొట్ట వస్తుంది, జబ్బ చూడండి, అక్కడ కండ అబద్ధం చెప్పదు అని. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. బరువు, బరువు అని కాటా కోసం ఫోన్లు చేస్తూ తిరిగినన్నాళ్ళూ ఆ పాఠం గుర్తు రాలేదు.

"పోలమ్మా, కాటా వద్దు. నూలు పోగుతో జబ్బ కొలవనిస్తావా?" అన్నాను.

అనుమానంగా చూసింది. "తాయెత్తు విప్పకూడదు."

"విప్పను. దాని పక్కనే చుట్టి, కలిసిన చోట కత్తిరిస్తాను."

"కోసిన పోగు ఏం చేస్తావు?"

"తెనాలి తీసుకుపోయి మా పెద్దాయనకి..."

"ఇంకేం. పిల్ల కొలత ఊరు దాటిస్తావా? దిష్టి తగలడానికి వేరే ఏం కావాలి? కోసింది మా ఇంట్లోనే ఉంటది. ఇష్టమైతే కొలువు."

నోటిదాకా వచ్చిన తిట్టు మింగేశాను. ఉద్యోగంలో అదే మొదటిసారి. "సరే. మీ దగ్గరే ఉంచు. మా పెద్దాయనే ఇక్కడికొచ్చి చూస్తాడు" అన్నాను. పెద్దాయన వస్తాడో రాడో నాకు తెలియదు.

బండివాడి చేత తిట్లు తిని, వాణ్ణి పొమ్మన్నాను. మర్నాటి సాయంత్రం పొయ్యి రాజుకుంది. పోలమ్మ వచ్చింది కాబట్టి అందరూ వచ్చారు. ఒక్కో పిల్లకి తెల్లనూలు చుట్టి, కత్తిరించి, ఆ ఇంటివాళ్ళ చేతిలో పెట్టాం.  తాటాకు ఇళ్ళు, సముద్రం గాలి, ఎలుకలు. జానెడు లేని నూలు పోగుని ఎవరు దాస్తారు, ఎన్నాళ్ళు దాస్తారు? దొంగచాటుగా ఇంకో పోగు కత్తిరించి నా దగ్గర పెట్టుకుందామని బుద్ధి పుట్టింది. నాంచారమ్మతో అన్నాను కూడా.

"పెట్టుకోండి. తెలిసిన రోజున నేను గూడా మీ దగ్గర వండను" అంది.

పెట్టుకోలేదు.

జీపు వచ్చిన రోజు

బడి తెరవడానికి కొద్దిరోజుల ముందు పెద్దాయన జీపు వేసుకుని చెప్పకుండా వచ్చాడు. మిట్టమధ్యాహ్నం. పొయ్యి చల్లగా ఉంది, బడి ఖాళీ, ఆడవాళ్ళంతా, ఆ రోజు పోలమ్మ కూడా, ఊళ్ళ మీద ఉన్నారు. నేను బావి దగ్గర ఉన్నాను.

"ఇదేనా నీ భోజనం? పిల్లలేరి?"

"కాకుల దగ్గర సార్."

ఎగతాళి చేస్తున్నాననుకున్నాడు. దిబ్బ మీదికి తీసుకుపోయి చూపించాను.  కోటు విప్పి చేతి మీద వేసుకున్నాడు.

"సరే, బరువులు చూపించు."

"బరువులు తీయలేదు సార్." కాటా సంగతి, పోగుల సంగతి చెప్పాను. కొలత ఆడవాళ్ళ దగ్గర ఉందని, వాళ్ళు పొద్దుగూకితే గానీ రారని చెప్పాను.

"అంటే నీ దగ్గర ఏమీ లేదన్నమాట."

"లేదు సార్."

వెళ్ళిపోతాడనుకున్నాను. వలల కుప్ప మీద కూర్చున్నాడు. ఎండ తగ్గేదాకా అక్కడే కూర్చున్నాడు. చాపలెత్తాక పిల్లలు పరిగెత్తుకొచ్చారు. నాంచారమ్మ కుండ దించింది. పెద్దాయన ముక్కు ఎగబీల్చాడు.

"ఇదేం వాసన?"

"ఎండు రొయ్యలు సార్."

"ఫోన్‌లో ఉప్మా అన్నావు."

"ఉప్మా రవ్వలోనే వేశాం సార్."

పిల్లలు రెండోసారి ఆకులు చాపడం చూశాడు. 

దీపాల వేళకి ఆడవాళ్ళు వడ్ల తట్టలతో వచ్చారు. జీపు చూసి ఆగారు. "పెద్దాయన వచ్చాడు, పోగులు చూస్తాడు" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. ఒక్కొక్కరు ఇళ్ళలోకి పోయారు. ఎవరూ తిరిగి రాకపోతే ఏం చెయ్యాలో ఆలోచించుకుంటూ నిలబడ్డాను.

ముందు పోలమ్మ వచ్చింది, పసుపు డబ్బాతో. సీతాలు పోగు అందులో ఉండి పచ్చగా అయింది. పెద్దాయన పిల్లని ఎదురుగా నిలబెట్టుకుని తనే చుట్టాడు. కొసలు కలవలేదు. మళ్ళీ చుట్టాడు. మధ్యలో వేలి మందం సందు. లాగి కలపబోయాడు.

"లాగమాకు తాతా, కోసుకుంటంది" అంది సీతాలు.

ఆయన చేతులు ఆగిపోయాయి. తాయెత్తు తాడు చూశాడు. అది మోచేతి దగ్గర లేదు, జబ్బ మీద నిలబడి ఉంది, ముళ్ళు కొన్ని విప్పి ఉన్నాయి.

తర్వాత అందరూ వచ్చారు. ఒకామె కొంగుకొసన ముడివేసుకుని ఊళ్ళన్నీ తిప్పింది. ఒకామె తాళిబొట్టుకి చుట్టుకుంది. ఒకామె దూలం సందులో దోపింది. ఒక ముసలామె దేవుడి పటం వెనక పెట్టింది. కొందరు పిల్లలకి పోగు కొసలు కలవలేదు, కొందరికి సరిగ్గా కలిశాయి. ఒక్క బాబుకి మాత్రం పోగు వదులుగా జారింది. జ్వరం పడి లేచినవాడు, మళ్ళీ వెచ్చగా ఉన్నాడు. తల్లి తల దించుకుంది. పెద్దాయన ఆమెని ఒక్క మాట అనలేదు. తల్లినీ బాబునీ జీపులో ఎక్కించుకుని రేపల్లె ఆసుపత్రికి పోయాడు. నన్ను బస్సులో రమ్మన్నాడు. ఆ బాబు కోలుకున్నాడు, వానలు పడేనాటికి వాడి జబ్బ కూడా పోగుని దాటింది.

నాకు తెనాలిలో రెండు కాగితాలు వచ్చాయి. ఒకటి, వేళ మార్చినందుకు, చెప్పిన వంట మార్చినందుకు, బరువులు తీయనందుకు సంజాయిషీ అడుగుతూ మెమో. రెండోది, వచ్చే వేసవికి మూడు తాలూకాల్లోనూ పొయ్యిలు వెలిగించమని. మొదటిది చూసి ఫోను విసిరికొట్టబోయాను. ఇప్పుడనిపిస్తుంది, రెండూ ఇవ్వగలిగినవాడే మంచి అధికారి అని. నియమం తప్పినదాన్ని వదిలేస్తే రేపు ఇంకొకరు పాలపొడితో గీతలు గీస్తారు. పిల్లలు ఒళ్ళు చేశాక పొయ్యి ఆర్పేస్తే మనం మనుషులమే కాదు.

తర్వాతి వేసవుల్లో అన్నీ సవ్యంగా జరగలేదు. తెనాలి పట్నంలో ఒకచోట ఎంత చెప్పినా పన్నెండింటికే గంట కొట్టారు, అక్కడి పొయ్యి ఆరిపోయింది. బాపట్ల వైపు సరుగుడు తోటల దగ్గర, పుల్లలేరుకునే పిల్లల కోసం పొద్దున్నే వండాం, అది నిలిచింది. రేపల్లె పాలేల్లో చాపలెత్తే వేళకే. ఎక్కడికి పోయినా నేను ముందు బడికి పోవడం మానేశాను. పిల్లలు ఆ వేళకి ఏం చేస్తున్నారో చూసి, ఆ తర్వాత గంట సంగతి మాట్లాడేదాన్ని.

ఇక ఆ కుర్రాడికీ, ఆ హాల్లో తలలూపిన వాళ్ళకీ. టీ దగ్గర మీలో ఒకరు ఇంకో మాట కూడా అన్నారు, ఈ తల్లులకి పిల్లల మీద శ్రద్ధ లేదండీ, అందుకే పంపరు అని. ఆ పాలెంలో ఒక్క పోగు కూడా పోలేదు. పొద్దున తరవాణి తాగి, నెత్తిన తట్టతో ఊళ్ళు తిరిగి, చీకటి పడ్డాక ఇల్లు చేరే ఆడవాళ్ళు, జానెడు లేని నూలు పోగుని వేసవంతా గాలి నుంచీ ఎలుకల నుంచీ కాపాడారు. సరైన వేళకి నోటికి పట్టే తిండి పెడుతుంటే ఆ ఆడవాళ్ళు పిల్లల్ని పంపరని, నా ఎదురుగా నిలబడి, నా కళ్ళలోకి చూసి అనగలరా?